మామిడితోటలో రైలు కట్ట

రాయకోట నుంచి హోసూరుకు బెంగుళూరు పోయే ప్యాసింజరు రైల్లో ఇన్నేండ్లు డ్యూటీకి పోయివచ్చినాను కదా, ఆ లైను చరిత్ర రాసే హక్కు నాకే ఉందనుకున్నాను. నిజానికి ఆ రైల్లో నేను చేసిన పనంతా నిద్రపోవడమే. సీజన్ టికెట్టు జతగాళ్లు ఆ మాటే అన్నారు: నువ్వు రాస్తే అది రైలు చరిత్ర కాదు, కలల చరిత్ర అవుతుందని.

అయినా రాస్తా పోయినాను. హోసూరుకు ఒకప్పుడు చిన్న రైలు వచ్చింది, పోయింది, చాన్నాళ్లకు వేరే పట్టాల మీద మళ్లీ వచ్చింది. కృష్ణగిరికీ అట్లే చిన్న రైలొకటి వచ్చేది. అది పోయింది, మళ్లీ రాలేదు. కొత్త లైనుకని సర్వేలు మాత్రం వేళ తప్పకుండా వస్తానే ఉన్నాయి. నేనైతే ఆఖరి అధ్యాయానికి 'రాబోయే రైలు' అని పేరు పెట్టి, దానికి కూత కూడా పెట్టించినాను.

ఆ పాత రైలు పట్టాలు పరిచిన మట్టికట్ట ఒక మామిడితోటలో కొంత మిగిలుందని విని, ఒక ఆదివారం కృష్ణగిరి పక్క పల్లెకు పోయినాను. తోట ఒక ముసలామెది. కొత్త అంట్లు నాటను కట్ట పొడుగునా గుంతలు తవ్వించి పెట్టుకుంది. నేనెవరో ఆమెకు చెప్పాలని తోచలేదు. చరిత్రకారుణ్ణి చూస్తానే తెలిసిపోతుందనుకున్నాను. టేపు తీసి కట్ట వెడల్పు కొలిచి నోటుబుక్కులో రాసుకున్నాను. ఆమె ఏమీ అడక్కుండా మజ్జిగ తెచ్చిచ్చి, నేను పోయేదాకా నిలబడే ఉంది. చదువంటే ఈడ ఎంత మర్యాద అని పొంగిపోయినాను.

రెండు వారాలకు, నేను రాసుకున్న కొలత నాకే అర్థం కాక మళ్లీ పోయినాను. గుంతలు ఖాళీగానే ఉన్నాయి. అంట్లు కవర్లలోనే వాడిపోతా ఉన్నాయి. వాన పడి భూమి పదునుగా ఉంది కదా, ఎందుకు నాటలేదని అడిగినాను.

ఆమె నా చేతిలో టేపు వైపు చూసింది. నేను కొలిచి పోయిన రోజే నాటడం ఆపేసిందంట. ఇంతకు ముందు సర్వే వాళ్లు రాళ్లు పాతిపోతే, రైలు వస్తాదని ఆ ముక్కను కొన్నేండ్లు బీడు పెట్టిందంట. రైలూ రాలేదు, కాపూ రాలేదు. ఇప్పుడు ఈ పదును పోతే అంట్లు దక్కవు. నేను పట్టాలు వెతుక్కుంటా వస్తే, ఆమె పొలం పట్టా తీసి పెట్టెలో దాచుకుందన్న మాట.

నేను ఆఫీసరును కాదు, పుస్తకం రాసుకునేవాణ్ణి అని చెప్పినాను. ఆమె నమ్మలేదు. చేతిలో టేపు, చంకలో నోటుబుక్కు, తలకు టోపీ. నాకే నమ్మబుద్ధి కాలేదు.

"అదంతా ఉండనీప్పా. రైలు వస్తాదా, రాదా? ఒక్క మాట చెప్పు."

వస్తుందని ఒక అధ్యాయమే రాసినవాణ్ణి. అది గడగడా అప్పజెప్పగలను. ఆ వాడిన ఆకుల ముందర నిలబడి చూస్తే మాత్రం అందులో ఆధారమన్నది ఒక్కటీ లేదు. రాదని చెప్పనూ ఆధారం లేదు.

"నాకు తెల్దమ్మా," అన్నాను.

ఆమె అప్పుడు నన్ను మొదటిసారి తేరిపార చూసింది. "అట్లయితే నువ్వు ఆఫీసరువు కాదులే. వాళ్లకు అన్నీ తెలుస్తాయి."

ఈ పరిశోధన మొత్తంలో నాకు దక్కిన సర్టిఫికెట్టు అదొక్కటే. టేపు పక్కన పెట్టించి ఒక అంటు నా చేతికిచ్చింది. నేను నిటారుగా పట్టుకుంటే ఆమె మన్ను తోస్తా పోయింది. అంటు కట్టిన చోటు మట్టిలో మునగకూడదంట. రెండు మొక్కలు మళ్లీ పైకి తీయించింది. సాయంత్రానికి వరస పూర్తయింది. అందులో నేను పట్టుకున్నవి ఏవో కనిపెట్టడం కష్టం కాదు, రైల్లో నిద్రపోయే నా మాదిరే అన్నీ కొంచెం బెంగుళూరు వైపు వాలి ఉంటాయి.