ముప్పై రోజుల పుస్తకం

పోయిన వారం చిత్తూరులో సెల్‌ఫోన్ బాగుచేయించుకోవడానికి ఒక చిన్న కొట్టు ముందు నిలబడ్డాను. కొట్టతను వేడి కడ్డీని బోర్డు మీద ఆనించగానే సన్నటి పొగ లేచి నా ముఖానికి తగిలింది. గుగ్గిలం వాసన, దానికి కాస్త కాలిన సీసం ఘాటు. ఆ వాసన సోకితే చాలు, నా కళ్ల ముందుకు తిరుపతిలో మా కాలేజీ ల్యాబూ, అందులో నుదుట నామంతో బోర్డు మీదికి వంగి కూర్చున్న వరదాచారి సారూ వచ్చేస్తారు. ఫోను అయిందని కొట్టతను రెండుసార్లు పిలిచాడట. నాకు వినబడలేదు.

ఇది ఎనభైల నడుమ సంగతి. నేను ఇంజినీరింగ్ ఆఖరి సంవత్సరంలో ఉన్నాను. ఎలక్ట్రానిక్స్ బ్రాంచి మొత్తానికి ఆడపిల్లలం నలుగురమే. వరదాచారి సార్ లెక్చరర్ కాదు, ల్యాబ్ ఇన్‌స్ట్రక్టర్. ఆయన ఇంటి పెద్దలు తరతరాలుగా గుళ్లో పాశురాలు చదివే గోష్ఠిలోని వాళ్లు. ఆయనా పొద్దున్నే గోష్ఠిలో కూర్చుని, ఆ నామంతోనే సైకిలెక్కి తొమ్మిదిన్నరకల్లా ల్యాబ్ తలుపు తీసేవారు. మేం ఏదైనా తప్పు చేస్తే తప్పు అనరు. "ఇంకోసారి చదువమ్మా" అంటారు, అంతే. నాకేమో కోపం ముక్కు మీదే ఉండేది. తప్పేదో చెప్పేస్తే పోలా, ఈ సాగదీత ఎందుకని లోపల గొణుక్కునేదాన్ని.

ఆ సంవత్సరం మద్రాసులోని ఒక కంపెనీ విద్యార్థులకు పోటీ పెట్టింది. మైక్రోకంట్రోలర్ అంటే ఒకే చిప్పులో ఇమిడిన బుల్లి కంప్యూటరు, అప్పటికి మాకు కొత్త సరుకు. దానితో పనికొచ్చే వస్తువేదైనా తయారుచేసి పంపాలి. పంపేముందు దాన్ని బయట ఎవరిచేతనైనా ముప్పై రోజులు వాడించి, వాడిన మనిషి రోజూ రాసి సంతకం పెట్టిన పుస్తకం జతచేయాలి. మొదటి మూడు స్థానాల వాళ్లకు ఆ కంపెనీ డిజైన్ విభాగంలో ఉద్యోగం. అది చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. మా ఐరాల నుంచి ఇంజినీరింగ్‌కు వచ్చిన మొదటి ఆడపిల్లను నేను. ఉద్యోగం రాకుండా ఇంటికి పోతే, ఆడపిల్లకు ఈ చదువు ఎందుకప్పా అని మా నాయన్ను అడిగిన ప్రతివాడి మాటా నిజమైపోతుంది. నాకు ఆ ఉద్యోగం కావాలి. ఎట్లాగైనా కావాలి.

"ఏం చేస్తావమ్మా?" అని అడిగారు సార్.

"ట్రాఫిక్ లైట్ల కంట్రోలర్ సార్."

"ఎన్ని ఊళ్లల్లో చూసినావు ట్రాఫిక్ లైట్లు?"

"ఇంకా చూడలేదు సార్."

"చూడనిదాన్ని చేస్తే అందులో తప్పు నీకెట్ట కనిపిస్తాది? అది వదిలేయ్. మీ ఇంట్లో పొద్దున లేస్తే దేన్ని తిట్టుకుంటారు?"

"మోటార్ను సార్" అన్నాను తడుముకోకుండా. ఆయన పకపకా నవ్వి, అయితే అదే చేద్దాం పట్టు అన్నారు.

మా బావి మోటారుకు మూడు ఫేజుల కరెంటు కావాలి. మా పక్క ఒక్కోసారి రెండే వచ్చేవి. బావిలో నీళ్లు అయిపోయినా మోటారు ఊరికే తిరుగుతూనే ఉండేది. రెంటిలో ఏది జరిగినా కాలిపోయేది. అంతకుముందు ఏడాదిలో మూడుసార్లు కాలింది. ఒక ఫేజు పోయినా, నీళ్లు తగ్గినా తనంతట తానే మోటారును ఆపేసే పెట్టె చేద్దామనుకున్నాం. ప్రోగ్రాం రాయడానికి నెల పట్టింది. కాగితం మీద రాసి, దాన్ని అంకెల్లోకి మార్చి, సార్ సొంతంగా చేసిన మీటల పెట్టెతో ఒక్కో అంకే చిప్పులోకి ఎక్కించాలి. ఏడు వందల పైచిలుకు అంకెలు. ఒకటి తప్పినా చెరిపి మళ్లీ మొదటికి రావాల్సిందే. చెరపడానికి వేరే దీపం ఉండాలి. మా కాలేజీలో అది లేదు. చిప్పు పైన చిన్న గాజు కిటికీ ఉంటుంది కాబట్టి ఎండలో పెడితే వారం పది రోజులకు అదే చెరిగిపోతుందని సార్ కనిపెట్టారు. ఆయన ఇంటి మిద్దె మీద వడియాలకు ఒక పక్కన, స్టీలు పళ్లెంలో మా చిప్పు కూడా ఎండేది. మాకున్నవి రెండే చిప్పులు.

అందుకని అంకెలు ఎక్కించేటప్పుడు సార్ సంత పద్ధతి పెట్టారు. వాళ్లింట్లో పాశురాలు నేర్పేది అట్లాగే. గురువు ఒకసారి చెబుతాడు, శిష్యుడు రెండుసార్లు పలుకుతాడు. రెండోసారి పలికేటప్పుడు తప్పు దానంతటదే బయటపడుతుందని ఆయన నమ్మకం. సార్ అంకె చదువుతారు, నేను రెండుసార్లు పలికి మీట నొక్కాలి. మొదటిరోజు మధ్యాహ్నానికి నా నోరూ చెయ్యీ ఒకటైపోయి, రెండుసార్లు పలికిన అంకెను రెండుసార్లు నొక్కేశాను. దాని వెనక ఉన్న అంకెలన్నీ ఒక్కో గడి పక్కకు జరిగిపోయాయి. లోకంలో ఇంకెవరూ చేయలేని తప్పు అది. నేను తల పట్టుకుంటే సార్ చిప్పును ఊడదీసి, "పోనీలే, వడియాలకు తోడు దొరికింది" అన్నారు. రెండో చిప్పును అవసరానికని దాచుకున్నాం కాబట్టి ఎనిమిది రోజులు పోయాయి. అప్పటినుంచి కాలేజీ సెలవు చీటీ అయినా సరే, ల్యాబ్ నుంచి బయటికి పోయే ప్రతి కాగితాన్నీ సంత చెప్పుకునే పంపేవాళ్లం.

మార్చి మొదట్లో పెట్టెను ఐరాలలో మా మోటారు గదిలో బిగించాం. నాయన దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, "ఇంత చిన్న పెట్టె అంత పెద్ద మోటార్ను ఆపతాదా మే?" అన్నాడు. ఒక నోటుపుస్తకం ఇచ్చి రోజూ ఏం జరిగిందో రాసి సంతకం పెట్టమన్నాను. ఇది నా ఉద్యోగం నాయనా అని మరీ మరీ చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది.

ఇరవైనాలుగో రోజున ఇంటికి వెళ్లాను. మోటారు తిరుగుతోంది. గది తలుపు తీసి చూస్తే పెట్టె మీద దీపం ఆరిపోయి ఉంది. దాన్ని దాటేసి ఒక వైరుముక్క నేరుగా స్టార్టరుకు ముడేసి ఉంది. పక్కన కండెన్సరు. రెండు ఫేజులతోనే మోటార్ను తిప్పడానికి మా పక్క రైతులందరూ చేసే పని అది.

"నాయనా, ఎవరు పీకినారు దీన్ని?"

"నేనే పీకినా. నాలుగు దినాలుగా రెండు ఫేజులే వస్తా ఉండాది. నీ పెట్టె తిరగనీనంటాది. సెనిక్కాయ ఊడలు దిగే యాళ. సెట్టు ఎండతా ఉంటే సూస్తా కూసోమంటావా?"

"మరి పుస్తకం?"

నాయన ముఖం వెలిగింది. "దానికేం మే, నీ పుస్తకం ఎప్పుడో అయిపోయినాది సూడు" అంటూ గూట్లోంచి తీసి ఇచ్చాడు. ముప్పై రోజులకూ ముప్పై వరసలు. ప్రతి వరసలోనూ 'బాగా పని చేసింది', పక్కన సంతకం. ఇంకా రాని రోజులకు కూడా పెట్టేశాడు. బిడ్డ ఉద్యోగానికి అడ్డం పడకూడదని అంతా ఒకే పొద్దున కూర్చుని రాశాడట. ఏడవాలో తిట్టాలో తెలియక, పుస్తకాన్ని సంచిలో పెట్టుకుని మరుసటి బస్సుకే తిరుపతి వచ్చేశాను. అంతా నాయనే చేసిపెట్టాడు, నేను నోరు మూసుకుంటే చాలు అనుకున్నాను. దారంతా అదే అనుకున్నాను.

సార్‌కు ఏమీ చెప్పలేదు. ముప్పై రోజులూ నిండిన శనివారం పుస్తకం ఇచ్చి, గైడ్‌గా మీ సంతకం ఇక్కడ పెట్టాలి సార్ అన్నాను. ఆయన కళ్లజోడు సర్దుకుని, "సంత చెప్పుకుందాం, రా" అన్నారు. మొదటి రోజు: బాగా పని చేసింది. నేను రెండుసార్లు పలికాను. రెండో రోజు, మూడో రోజు, అట్లా పోతోంది. ఇరవయ్యో రోజు దాటి ఇరవై ఒకటికి వచ్చాం. "బాగా పని చేసింది" అన్నారు సార్. ఒకసారి అన్నాను. రెండోసారి నోరు పెగల్లేదు.

సార్ ఎదురు చూశారు. ఆ మనిషికి ఎదురు చూడటం తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. చివరికి అంతా చెప్పేశాను. ఆయన మందలించి ఉంటే బాగుండేది. ఒక్క మాటా అనకపోయేసరికి నాకే ఒళ్లు మండింది.

"మీకేం సార్, మీకు ఉద్యోగం ఉంది! పోతే నాకు పోతుంది" అన్నాను, వినేవాళ్లు ఉన్నారో లేరో కూడా చూసుకోకుండా. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు. నేను తీసుకోవాలని కూడా అనుకోలేదు.

సార్ చాలాసేపు పుస్తకం అట్టను చూస్తూ కూర్చున్నారు. తర్వాత పెన్ను మూత తీసి బల్ల మీద పెట్టారు. "నీ పేరుతో పోయే కాగితమమ్మా ఇది. ఇదే ఇచ్చినా పెడతా, మార్చి రాసి తెచ్చినా పెడతా. సోమవారం నాటికి తీసుకురా. రేపు ఆదివారం, నేను మీ నాయన దగ్గరికి పోయొస్తా."

అన్నట్టే మరుసటి రోజు ఐరాల వెళ్లి, మోటారు గది గడప మీద కూర్చుని నాయన్ను అడిగారట. రెండు ఫేజులతో ఎంతసేపు తిప్పితే మోటారు ఒళ్లు కాలుతుంది, ఎప్పుడు ఆపుతావు, ఎట్లా తెలుస్తుంది అని. "సెయ్యి పెట్టి సూస్తా సామీ. సెయ్యి పెట్టి ఒకటి రెండు అనేలోగా తీసేయాల్సొస్తే ఆపేస్తా" అన్నాడట నాయన. ఆ చెయ్యి చేసే పనిని మా పెట్టె చేయడం లేదు. వచ్చిన వెంటనే సార్, "మనం మోటార్ను కాపాడినాం, ఆయన పైరును కాపాడుకున్నాడు. మొదట్లోనే ఆయన్ను అడిగుండాల్సింది. అడగనిది నేనే" అన్నారు.

నేను సోమవారం కొత్త పుస్తకం తీసుకెళ్లాను. ఇరవైరోజులు పనిచేసింది, తర్వాత వాడే మనిషి తీసేశాడు, కారణం ఇది అని రాశాను. అంతా కచ్చతోనే రాశాను, కళ్లు తుడుచుకుంటూ రాశాను. రెండో చిప్పులో కొత్త ప్రోగ్రాం ఎక్కించాం. మోటారు ఒంటికి వేడి తెలిసే ముక్క ఒకటి కట్టాం. ఇప్పుడది రెండు ఫేజులకూ తిరగనిస్తుంది, ఒళ్లు కాలితే ఆపుతుంది, చల్లారితే మళ్లీ వదులుతుంది. గడువుకు తొమ్మిది రోజులే మిగిలాయి. ఆ తొమ్మిది రోజుల లెక్కా రాసి పంపించాం.

నెల తిరక్కుండా జవాబు వచ్చింది. ఏకధాటిగా ముప్పై రోజులు వాడిన రుజువు లేదు కాబట్టి మా ఎంట్రీని పరిశీలనకే తీసుకోలేదట. నాయన మాత్రం, "పోనీలే మే, మోటారు తిరగతా ఉండాది గదా" అన్నాడు. నేను ఆ పూట అన్నం తినలేదు. సార్‌కు చెప్పకుండానే కాలేజీ వదిలి వచ్చేశాను. తర్వాత ఏడెనిమిది నెలలు తిరిగి తిరిగి చిత్తూరులో స్టార్టర్లు చేసే ఒక చిన్న కార్ఖానాలో చేరాను.

నాలుగేళ్ల తర్వాత, నాయన ఇచ్చిన బెల్లం దిమ్మ పట్టుకుని సార్ ఇంటికి వెళ్లాను. ఆయన లోపల పిల్లలకు పాశురం సంత చెబుతున్నారు. పంచలో ఎవరివో రెండు మూడు రేడియోలు విప్పి ఉన్నాయి. కాలేజీకి పోలేదా అని అడిగితే వాళ్లావిడ మంచినీళ్లిస్తూ చెప్పింది. "ఆ పని పోయి మూడేండ్లయిందమ్మా. పదకొండేండ్లు టెంపరరీగానే చేసినారు. ఆ పోటీకి మీ కాలేజీ నుంచి ఒక్కటి ఎంపికైనా పర్మనెంటుకు రాస్తామని పెద్దసారు చెప్పినాడంట. కాలేదు గదా, మరుసటేడు తీసేసినారు."

ఆ రోజు నేనన్న మాట గుర్తొచ్చింది. మీకేం సార్, మీకు ఉద్యోగం ఉంది. ఆ మాట విని ఆయన పుస్తకం అట్టను ఎందుకంతసేపు చూశారో అప్పుడు తెలిసింది. సిగ్గుతో చచ్చిపోయాను. పిల్లలు వెళ్లాక సార్ బయటికి వచ్చి కూర్చోగానే, ఆ రోజు నోటికొచ్చినట్టు అన్నాను సార్, క్షమించండి అని ఏడ్చేశాను.

ఆయన బెల్లం దిమ్మను తీసి ఒళ్లో పెట్టుకున్నారు.

"నువ్వు నన్ను పెద్ద చేసి చూస్తా ఉండావమ్మా. ఆ పొద్దు నేను నీకు ధర్మం చెప్పలేదు. చెప్పే ధైర్యం లేకనే పెన్ను మూత తీసి పెట్టినాను. సోమవారం నువ్వు పాత పుస్తకమే తెచ్చుంటే సంతకం పెట్టేసుండేవాణ్ని. చెయ్యి అప్పటికే సిద్ధంగా ఉండింది" అన్నారు. తర్వాత లోపలికి తిరిగి, ఈ బెల్లంతో పొంగలి చెయ్యమని వాళ్లావిడకు చెప్పారు.

అప్పటిదాకా, ఆయన నిబ్బరం చూసి నేను నిలబడ్డాననుకుంటూ ఉన్నాను. ఆయన ఆదివారమంతా నేను ఏ పుస్తకం తెస్తానా అని ఎదురు చూశారని నాకు తెలియదు. ఇప్పుడు కార్ఖానాలో నేను సంతకం పెడితేనే సరుకు బయటికి పోతుంది. కాగితం తెచ్చిన పిల్లకు ఏం కావాలో దాని ముఖంలోనే కనబడుతుంది. ఆ సంతకం నుంచి నాకేం కావాలో మాత్రం ఎక్కడా కనబడదు. అది తేల్చుకునేదాకా పెన్ను మూత తియ్యను.