ఆయన మర మీది ఆఖరి చుట్ట

మొగుడు పోయి నెల తిరక్కుండానే ఆవిడ పనిలోకి వచ్చేసింది. ఇంట్లో కూర్చుని మాత్రం ఏం చేస్తుంది? ఏడుపు రాలేదు. ఇవాళో రేపో వస్తుందిలే అని చుట్టుపక్కలవాళ్ళు ఎదురుచూసి, విసిగి, ఎవరి పనుల్లో వాళ్ళు పడ్డారు.

ఆవిడది నెట్టు బట్ట తీసే మిల్లులో రఫ్ఫు పని. నల్లగుడ్డ పరిచిన బల్ల మీద తెల్లటి నెట్టును లాగుతూ, మర తప్పిన చోటల్లా సూదితో వల కన్ను కలపాలి. ఒకప్పుడు ఈ వలంతా ఆడవాళ్ళు దిండు మీద దారపు కండెలు అటూ ఇటూ మెలిపెట్టి అల్లేవాళ్ళట. ఆ చేతుల తీరు చూసి చూసి ఎవరో మహానుభావుడు మరకు నేర్పాడు. అల్లే పని మర లాక్కుంది. అది పాడుచేసింది బాగుచేసే పని మాత్రం ఆడవాళ్ళకే వదిలింది. మహా ఉపకారం!

ఆ మరల్లో ఒకదాన్ని ఆవిడ మొగుడు నడిపేవాడు. దారం అయిపోయిన బాబిన్లు మార్చాక మర కదిలించడానికి ఆయనకు తొందరెక్కువ. అందుకని ప్రతిసారీ అంచు దగ్గర ఒక మెలిక తప్పేది. ఏటవాలుగా సాగిన ఆ కన్ను చూడగానే అది ఎవరి చలవో ఆవిడకు తెలిసిపోయేది.

"మీ తప్పులు దిద్దడంతోనే నా బతుకు తెల్లారిపోతోంది," అనేది ఇంటికొచ్చాక.

"నేను తప్పు చెయ్యకపోతే నీకు పనెక్కడిదే?" అనేవాడాయన.

ఆ రోజు పక్కబల్ల ఆవిడ ఒక నెట్టు చుట్ట తెచ్చి బల్ల మీద పెట్టింది. "వదినా, ఇది అన్నయ్య మర మీది ఆఖరి చుట్ట. నువ్వు చూస్తావా, నన్ను చూడమంటావా?"

"నేనే చూస్తాలే."

ఆ కన్ను దొరికితే కలపకూడదనుకుంది. సూపర్‌వైజరును అడిగి, ఆ కాస్త ముక్కా కత్తిరించి ఇంటికి తీసుకుపోవాలనుకుంది. ఆయన చేతి గుర్తు ఇంట్లో ఇంకేమీ లేదు. అది చూస్తేనైనా గుండె కదులుతుందేమోనని ఆవిడ ఆశ.

బట్ట లాగడం మొదలుపెట్టింది. మరల రొద వినబడుతోంది, వినబడటం లేదు. మనసు ఎక్కడుందో ఆవిడకే తెలియదు. చేతులు మాత్రం వాటి మానాన అవి పని చేసుకుపోయాయి. చుట్ట అయిపోయాక చూసుకుంటే, సూదిలో దారం బెత్తెడే మిగిలింది. ఆయన కన్ను ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు కలిపేసిందో గుర్తులేదు.

బట్టను వెనక్కి లాగింది. అంచు వెంబడి వేలు పెట్టి తడిమింది. కిటికీ వెలుతురుకు పట్టి చూసింది. తన కుట్టు ఎక్కడుందో తనకే దొరకలేదు. అన్ని కళ్ళూ ఒక్కలాగే ఉన్నాయి.

"ఏం వదినా, ఏమైనా వదిలేశావా?" అంది పక్కబల్ల ఆవిడ.

"లేదు," అంది. "అంతా కలిపేశాను."