అమృతం ఇంటి చక్రాలు

గృహప్రతిష్ఠ ప్రార్థన సగంలో ఉండగా పాస్టరుగారి కుడికాలు చెక్కమెట్టులోకి మోకాలిదాకా దిగిపోయింది. ఆయన కళ్ళు తెరవలేదు. వచ్చినవాళ్ళూ తెరవలేదు, తెరిస్తే చూసినట్టవుతుంది. ఆమెన్ అన్నాకే అందరూ కలిసి కాలు పైకి లాగారు.

ఆ కన్నంలోంచి వంగి చూసిన అమృతం భర్త విలియమ్‌కి ఇంటి కింద చక్రాలు కనిపించాయి. మురిసిపోయాడు. చట్టం లెక్కలో ఇది ఇల్లు కాదు, బండి. ఇలాంటి బండి ఇళ్ళు నిలిపే క్యారవాన్ పార్కులో స్థలానికి అద్దె కడితే చాలు, కౌన్సిల్ వాళ్ళ ఇంటిపన్ను మన పేరున రాదు. ఈ మాట క్రెయిగీబర్న్‌లో తెలిసినవాళ్ళందరికీ ఫోన్ చేసి మరీ చెప్పాడు.

ఆ బండిలో ఉన్నది అమృతం పదకొండేళ్ళ కష్టం. నర్సింగ్ హోమ్‌లో ముసలివాళ్ళకి స్నానాలు చేయించి, ప్రతివాళ్ళనీ డార్లింగ్ అని పిలిచి కూడబెట్టింది. అమ్మినవాడు తమ సంఘంలోనే గిటారు వాయించే నోవా. తాళాలిస్తూ ముందుగా తనే మోకరించాడు. మోకరించిన మనిషి దగ్గర నిలబడి కాగితాలు అడగడం ఎలాగో ఆమెకి తెలియలేదు.

రెండు వారాల తరవాత ఒక మధ్యాహ్నం ఇంటిముందు వెనక తొట్టి ఉన్న తెల్ల యూట్ కారు ఆగింది. లోపలి మనిషి దిగలేదు. చక్రాలకేసి చూసి వెళ్ళిపోయాడు. మర్నాడూ అంతే. మూడోనాడు దిగి, బండిని లాగే కొక్కెం పక్కనున్న నంబరు రేకుని ఫోటో తీసుకున్నాడు.

కూతురు షారన్ ఆ నంబరే ఫోన్‌లో కొట్టి, బండ్ల మీది అప్పులు రాసుండే ప్రభుత్వ రిజిస్టర్లో వెతికింది. రెండు డాలర్ల ఫీజు, రెండు నిమిషాల పని. నోవా ఈ బండి మీద తీసుకున్న అప్పు తీరలేదు. అది తీరేదాకా లోపల ఎవరున్నా సరే, అప్పిచ్చిన కంపెనీ బండిని పట్టుకుపోవచ్చు.

“మమ్మీ, యూ డిడ్న్ట్ చెక్?”

“సంఘంలో మనిషేగా, చెక్ చేసేదేంటి?” అంది అమృతం.

నోవా ఫోన్ స్విచాఫ్. పాస్టరుగారు కుంటుకుంటూ వచ్చి ప్రార్థిస్తానని చెప్పి, మెట్టు తొక్కకుండానే వెళ్ళారు. విలియమ్ బండి అన్న మాట మళ్ళీ ఎత్తలేదు. బండిని లాక్కెళ్ళే ట్రక్కు సోమవారం వస్తుందని కంపెనీ ఉత్తరం వచ్చింది. ఉచిత న్యాయసలహా వాళ్ళు మంగళవారం రమ్మన్నారు.

శనివారమంతా అమృతం ఎవరి సాయమూ అడగకుండా సిమెంటు కుండీలు ఈడ్చింది. కరివేపాకు, గోంగూర, మిరప, మొత్తం పద్నాలుగు. కొక్కెం చుట్టూ మూడు వరసలు కట్టింది.

సోమవారం పొద్దున్నే ట్రక్కు వచ్చింది. యూట్ మనిషి దిగి గుడ్ మార్నింగ్ చెప్పాడు. చాలా మర్యాదస్తుడు; అమృతానికి భయం అక్కడే వేసింది. టేపు పెట్టి కొలిచి, కుండీలన్నీ కొక్కేనికి అడ్డంగా ఉన్నాయనీ, వాళ్ళ సామాను తను ముట్టుకోకూడదనీ, ఇలాగైతే ఇవాళ తన పని సాగదనీ గొణిగాడు.

అమృతం మగ్గుతో మిరపకి నీళ్ళు పోస్తూనే ఉంది.

“అడ్డం ఉండాలనే పెట్టాను డార్లింగ్.”