ఎడమ చెవికి రెండు గాట్లు

దేవరకొండ వైపు వెళ్లాలి, దారి చెప్పమని మా సంఘంలో కొందరు అడిగారు. నాకు బాగా తెలిసిన దారి అరవైల మొదట్లోది. అప్పటి బస్సు టికెట్టు ధర ఇప్పుడెవరికీ పనికిరాదు, కానీ కొండ అక్కడే ఉంది కాబట్టి చెబుతాను.

మాది గొల్లల ఇల్లు. పెళ్లయిన రెండేళ్లకే భర్త పోయాడు, ఆ వెంటనే నేను మంచం పట్టాను. అన్న లింగయ్య నన్ను ఎడ్లబండిలో నల్లగొండ తెచ్చి మిషన్ దవాఖానలో చేర్పించి, మందను చూసుకునేవాళ్లు లేరని వెనక్కి వెళ్లిపోయాడు. లేచి తిరగడానికి ఆరు నెలలు పట్టింది. అక్కడే ఆయాగా కుదిరాను, అక్కడే ఏసును నమ్మి బాప్తిస్మం తీసుకున్నాను. అన్నకు మాత్రం చెప్పలేదు. ఉత్తరం రాయొచ్చుగా అన్నారు నర్సమ్మలు. అన్నకు చదువు రాదు. చదివిపెట్టే పెద్దమనిషి ముందు ఊరంతా చాటి, తీరిక దొరికినప్పుడు ఆయనకు చెబుతాడు. అందుకని నేనే బయలుదేరాను.

నా భయం దేనికో కూడా చెప్పాలి. పెళ్లిలో నాయిన నాకు రెండు గొర్రెలిచ్చాడు. అవి అన్న మందలోనే ఉండేవి. వాటికి పుట్టిన ప్రతి పిల్లకూ ఎడమ చెవికి రెండు గాట్లు పెట్టేవారు, నావని గుర్తు. అన్నవాటికి కుడి చెవి కొస కోసేవారు. మతం మారిందని ఆడబిడ్డతో తెగతెంపులు చేసుకుంటే ఇక ఆ గాట్లు పెట్టరు. అమ్మానాయినలు పోయాక నాకు పుట్టిల్లంటే ఆ రెండు గాట్లే.

పొద్దున ఆరింటికి నల్లగొండలో బస్సెక్కాను. రూపాయి మీద కొంత చిల్లర టికెట్టు. చలికాలం, మంచు దట్టంగా పట్టి కిటికీలోంచి ఏదీ సాంతం కనిపించలేదు. ఒక ఎద్దు తల, ఒక బాయి గిరక, నీళ్లబిందె పట్టుకున్న ఒక చెయ్యి వచ్చి పోతున్నాయి. నేను నిద్రలో ఉన్నానో మేలుకునే ఉన్నానో తెలియలేదు. పాస్టరుగారు నేర్పిన తప్పిపోయిన గొర్రె కథను పెదవులతోనే వల్లె వేస్తున్నాను. ఎవరికి మొక్కుతున్నావని కండక్టరు నవ్వాడు. మా అన్నకు ఒక మాట చెప్పేదుందన్నాను.

"ఒక్క మాటకా గింత దూరం?" అన్నాడతను.

తొమ్మిదికి దేవరకొండలో దిగేసరికి కొండ కింది సగం లేదు. మంచు మీద కోటగోడ ఒక్కటే ఆకాశంలో తేలుతోంది. చాయ తాగుతూ చాలాసేపు దాన్నే చూశాను. అది నిలబడగలిగితే నేనూ నిలబడగలను అనిపించింది. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది కానీ, ఆ రోజు అదే నా ధైర్యం. డిండి వైపు పోయే ఆముదాల బండి అతను ఊరికే ఎక్కించుకున్నాడు. లింగయ్య మంద వాగు అవతలి చేన్లో ఉందని చెప్పి, వాగు దగ్గర దింపాడు. అక్కడి నుంచి గంట నడక. మంచు విడిపోయి, కోసిన జొన్నచేలు ఎండలో పసుపుపచ్చగా మెరుస్తున్నాయి.

మధ్యాహ్నానికి చేరాను. గొర్రెలు తుమ్మచెట్ల నీడకు చేరాయి. వదినె సద్ది తెచ్చి విప్పుతోంది. అన్న నన్ను చూసి తన రొట్టె సగం విరిచి నా ముందు పెట్టాడు. చేయి చాచబోయి ఆగిపోయాను. చెప్పకుండా తింటే మోసమే అవుతుంది.

ఏసును నమ్మానని చెప్పేశాను. వదినె చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది. ఆగితే మళ్లీ నోరు లేవదని కథ అందుకున్నాను. వంద గొర్రెలున్న కాపరి, ఒకటి తప్పిపోతే మిగిలినవాటిని విడిచి దాన్ని వెతుక్కుంటూ పోయాడన్నాను.

"మిగిలినయి ఎవలి మీద ఇడిచిపెట్టి పోయిండు?" అన్నాడు అన్న.

గొల్లింట పుట్టి కూడా నాకు ఆ సందేహం ఎప్పుడూ రాలేదు. వల్లె వేసినదంతా ఎగిరిపోయింది.

"నాకు తెల్వదన్నా. గా తప్పిపోయినది మాత్రం నేనే. దవాఖానల ఒక్కదాన్ని పడి ఉంటే నన్ను ఎతుక్కుంట ఏసు వచ్చిండు."

అనేశాక గుర్తొచ్చింది, మంద కోసం నన్ను అక్కడ విడిచి వెళ్లింది అన్నే. దెప్పాలని అనలేదు, కానీ మాట దాటిపోయింది. అన్న లేచి మందలోకి వెళ్లిపోయాడు. ఇక అయిపోయిందనుకుని ఏడ్చాను.

తిరిగొచ్చినప్పుడు చంకలో రెండు రోజుల గొర్రెపిల్ల ఉంది. మొలలోంచి కత్తి తీశాడు. కులపోళ్లు అడిగితే ఏం చెబుతావని వదినె మెల్లగా అంది. నేను చెప్పుకుంటానులే అన్నాడు. పిల్ల ఎడమ చెవి పట్టి రెండు గాట్లు పెట్టి, బూడిద అద్ది, నా ఒళ్లో వేశాడు.

"ఇగ తిను చెల్లె," అన్నాడు.

అన్న చివరిదాకా తన దేవుళ్లకే మొక్కాడు. ఆ తర్వాత నేను ఎన్నో ఊళ్లలో ఆ కథ చెప్పాను, రాళ్లు పడ్డ ఊళ్లలో కూడా. అంత భయం మళ్లీ ఎక్కడా వేయలేదు. పరాయివాళ్ల ముందు పోయేదేముంది, మహా అయితే పొమ్మంటారు. అన్న పొమ్మంటే వెళ్లడానికి నాకు ఇంకో చోటు లేదు.

మీరు వెళితే చలికాలంలో మొదటి బస్సుకే వెళ్లండి, కోట తేలడం కనిపిస్తుంది. వాగు దాటాక మందలు కనిపిస్తే కుక్కలుంటాయి, దూరం నుంచే కేకేయండి. గొర్రెలు నీడకు చేరే వేళకు వెళ్తే కాపరికి మాట్లాడే తీరిక ఉంటుంది. అన్న కొడుకు మంద ఇప్పటికీ అక్కడే మేస్తుంది. ఎడమ చెవికి రెండు గాట్లున్న గొర్రె కనిపిస్తే, అది నాది.