వెండి రంగు మూత

ఇరవై ఏళ్లుగా కార్లకు యాంటెన్నాలు డిజైన్ చేస్తున్న ఆవిడను కంపెనీలో అందరూ యాంటెన్నా అక్క అంటారు. కారు పైకప్పు మీద చేప రెక్కలా నిలబడే చిన్న మూత కింద ఉండేది ఆవిడ పనితనమే. ఆ మూతకు లోహపు పొడి కలిసిన వెండి రంగు వేస్తే సిగ్నల్ చచ్చిపోతుందని ఆవిడ నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పింది. కారు అందం చూసే విభాగం వాళ్లు చెవిన పెట్టలేదు. మెరుపు కావాలన్నారు, వేసేశారు.

ఈరోజు మీటింగులో మేనేజరు, "మీ యాంటెన్నా పనిచేయట్లేదక్కా" అన్నాడు.

అక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది. అందరినీ షెడ్డులో నిలిపిన కారు దగ్గరికి లాక్కెళ్లి, స్టూలెక్కి, ఉప్పుకాగితంతో మూత మీది రంగంతా బరబరా గీకేసింది. కారు లోపలి తెర మీద సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే లేచి నిండుగా నిలబడ్డాయి.

"ఇప్పటికైనా తెలిసిందా, తప్పెవరిదో?"

మేనేజరు మొహం వెలిగిపోయింది. "భలే బాగుచేశారక్కా!" అని షెడ్డులోనే ఉన్న పెయింటరు వైపు తిరిగాడు. "సాయంత్రం పెద్దాయన చూడ్డానికొస్తున్నారు. ఈ గీకుళ్లు కనబడకుండా ఆ వెండి రంగే ఇంకో పూత వేసెయ్."

అక్క ఉప్పుకాగితం వదల్లేదు. స్టూలు మీదే నిలబడి, కింద నిగనిగలాడుతున్న మేనేజరు బట్టతల వైపే చూస్తూ ఉండిపోయింది.