నలభై ఒక్క రోజుల గ్రీన్ టీ

పుట్టుకతోనే నా ఒంట్లో రంగు లేదు. జుట్టూ కనుబొమలూ కూడా తెలుపే. గవర్నర్‌పేటలో నేను గుమాస్తాగా పనిచేసే దుకాణంలో అందరూ నన్ను 'దొరగారూ' అనేవారు. ఎండ నాకు పడదు. అయినా సూర్యుడికి అర్ఘ్యం ఇవ్వని ఉదయం లేదు.

రెండువేల సంవత్సరం దాటాక ఎడమ చెవి మీద ఒక పుండు లేచి, ఎంతకీ మానలేదు. బెంజ్ సర్కిల్ దగ్గర చర్మవ్యాధుల డాక్టరమ్మ ముక్క తీసి పరీక్షకు పంపి, క్యాన్సరేనన్నారు. మొదట్లోనే ఉంది కాబట్టి రెండు వారాల్లో కోయించుకోమన్నారు.

ఆ వారమే పత్రికలో చదివాను, గ్రీన్ టీలోని కాటెకిన్లు అనే పదార్థాలు చర్మాన్ని ఎండ దెబ్బ నుంచి కాపాడవచ్చని. దేవుడే దారి చూపించాడనుకున్నాను. నలభై ఒక్క రోజుల దీక్ష పట్టాను. రోజూ మూడు గ్లాసులు, పాలూ పంచదారా లేకుండా, దేవుడి ముందు పెట్టి తాగడం. అంత చేదుగా ఉన్నదాన్ని నైవేద్యం పెట్టవచ్చా అని సందేహం వచ్చింది. సత్సంగంలో అడిగితే, ఎందుకని అడుగుతారు. పదకొండేళ్లుగా వాళ్లతో కలిసి గీత చదువుతున్నాను. నా ఒంటి గురించి ఒక్కరితోనూ మాట్లాడింది లేదు. పారాయణం అయ్యాక వాళ్లు మెట్ల మీద కబుర్లలో పడేవారు. నేను గొడుగు తీసుకుని ముందే దిగిపోయేవాణ్ని.

దీక్ష ముగిసిన మర్నాడు డాక్టరమ్మ దగ్గరికి వెళ్లేసరికి పుండు రెట్టింపయింది.

"ఇన్నాళ్లూ ఏం చేశారండీ?"

చెప్పాను.

"ఎలకల మీద బాగానే పనిచేసిందిలెండి. మనుషుల సంగతింకా తేలలేదు. అయినా, వచ్చేసిందాన్ని టీ ఎట్లా తీస్తుందండీ? టీ తాగండి, వద్దన్లేదు. చెవి మాత్రం నాకివ్వండి." తర్వాత అడిగారు, "తోడెవరొచ్చారు?"

"ఎవరూ లేరండీ."

కత్తికి భయపడి దేవుణ్ణి అడ్డం పెట్టుకున్నానని ఆపరేషన్ బల్ల మీద పడుకున్నాక ఒప్పుకున్నాను. ఆయన్ని క్షమాపణ అడిగాను. చెవి పై అంచు పోయింది.

వారానికి రిపోర్టు వచ్చింది. ఏమీ మిగల్లేదన్నారు. ఆ మాట ఎవరికైనా చెప్పాలనిపించింది. బస్టాపులో ఒక పెద్దావిడ ఒక్కతే బెంచీ మీద కూర్చుని ఉంది.

"క్యాన్సరంతా తీసేశారటండీ," అన్నాను.

"ఎవరికి బాబూ?"

"నాకేనండీ."

ఆవిడ నా చెవి కట్టు వంక చూసింది. పక్కనున్న కూరల సంచి ఒళ్లోకి తీసుకుని, "మరి నిలబడ్డావేం, కూర్చో," అంది.