వెనక్కి నడిచి కలిపిన దారి

పెనం మీద జొన్నరొట్టె కాలే వాసన తగిలితే చాలు, నా అరికాళ్లు సలుపుతాయి. నిన్న సైనిక్‌పురిలో ఒక చిన్న హోటలు ముందు అదే జరిగింది. మెట్టుగూడ సుశీల టీచరుగారు కళ్లముందు నిలబడ్డారు.

ఆవిడ రిటైరైన డ్రిల్లు టీచరు. నేను ఆవిడ మేడమీది గదిలో అద్దెకుండేదాన్ని. వీధివీధికీ కంప్యూటరు కోర్సుల బోర్డులు వేలాడే రోజులు. మా అమ్మాయి సాఫ్ట్‌వేరని నాన్న విజయనగరమంతా టముకు వేసుకున్నారు. అంతలో ప్రాజెక్టు మూతపడి నా ఉద్యోగం ఊడింది. గది ఖాళీ చేసి ఊరెళ్లిపోతానని చెప్పడానికి కిందికి దిగాను. ఆవిడ ఎగాదిగా చూసి, "పోదువులే పిల్లా. యాదగిరిగుట్టకు నడుస్తనని మొక్కుకున్న. ఆదివారం షురూ జేస్తున్న. జెర తోడు రా, ఆనక పోదువు," అన్నారు.

అందరూ గుట్టకు ఏకబిగిన నడుస్తారు. ఈవిడ పద్ధతే వేరు. ఆదివారం పొద్దుటినుంచి సాయంత్రందాకా రైలుకట్ట పక్క ఊళ్ల మీదుగా, చేలగట్ల వెంట నడవాలి. ఆగినచోట రాయి మీద రాయి పెట్టి, దగ్గర్లోని స్టేషనులో పాసింజరెక్కి ఇంటికి రావాలి. పైవారం రైల్లో అక్కడికే వెళ్లి, ఆ రాయి ముట్టుకుని ముందుకు సాగాలి. "ఏటండీ, కంతుల్లో మొక్కా?" అని వెక్కిరించాను. "దేవునికి తొందర లేదు, నా మోకాళ్లకే తక్లీఫ్," అని నవ్వారు. మధ్యాహ్నం జొన్నరొట్టె, వెల్లుల్లికారం. అన్నం లేని భోజనమేమిటని గొణిగినదాన్నే, రెండోవారానికల్లా ఆవిడ వాటాకూ చెయ్యి చాపాను.

మా రాయి బీబీనగర్ దాటాక ఉంది. ఆ వారం నాకొక ఉద్యోగం వచ్చింది గానీ, పాతదానికంటే ఒక మెట్టు కింద. "దిగజారి చేరతానా? మా ఊరికే పోతాను," అని నేను, "పోతే పో, సిగ్గు సుత నీ ఎంటనే వస్తది," అని ఆవిడ, రైల్లో ఒకటే వాదన. తీరా చూస్తే, దిగాల్సిన బీబీనగర్ స్టేషను దాటిపోయింది! భువనగిరిలో దిగాం. "మంచిదేనండీ, ఇక్కణ్ణుంచి గుట్టకు పోదాం. మధ్యముక్క ఎవరు చూడొచ్చారు?" అన్నాను.

"నా కాళ్లకు ఎరుకైతది," అని ఆవిడ గుట్టకు వీపు తిప్పి, సికింద్రాబాద్ వైపు నడవసాగారు. ఎండలో, ముళ్లదారిలో దారిపొడుగునా సణిగాను. పొద్దు వాలుతుండగా మా రాయి కనబడింది. టీచరుగారు దాన్ని ముట్టుకుని చతికిలబడ్డారు. "జూసినవా, ఎన్కకు నడిస్తే సుత దారి అతుక్కున్నది. వచ్చేవారం భువనగిరికెల్లి ముంగటికే." ఇక ఉద్యోగం ఊసే ఎత్తలేదు. నాకు మాత్రం ఏడుపు ముంచుకొచ్చింది. "రేపెళ్లి చేరతానండీ," అన్నాను.

"చేరు. ఆదివారం సెలవేనా, ముందుగాల అడుగు," అన్నారు.

చివరికి గుట్టెక్కాం. దర్శనమయ్యాక, ఇంతకీ మొక్కేమిటని అడిగాను. మోకాళ్లు పిసుక్కుంటూ, "పైగది ఖాళీ గావద్దని," అన్నారు.

ఆవిడ ఇప్పుడు లేరు. తర్వాత మరోసారి కూడా ఉద్యోగంలో ఒక మెట్టు దిగాల్సొచ్చింది. ఏడవకుండా దిగాను, మళ్లీ ఎక్కాను. నిన్న రొట్టె తిని, బస్సెక్కకుండా మెట్టుగూడదాకా నడిచాను. మేడమీది గది కిటికీలో ఎవరివో బట్టలు ఆరేసి ఉన్నాయి. ప్రాణం కుదుటపడి, వచ్చినదారినే వెనక్కి నడిచాను.